బల్లార్షా బోరు నీళ్లకు హాట్ టబ్ మందుల కిట్ ఎంతవరకు పనికొస్తుంది

గాలి నింపే హాట్ టబ్ కొనగానే ఆన్‌లైన్‌లో పక్కనే కనబడేది మందుల స్టార్టర్ కిట్. అట్టపెట్టెలో ఐదు డబ్బాలు: కిలో క్లోరిన్ గుళికలు, అరకిలో పీహెచ్ మైనస్, అరకిలో పీహెచ్ ప్లస్, కిలో ఆల్కలినిటీ ప్లస్, యాభై పరీక్ష పట్టీలు. పీహెచ్ అంటే నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత. ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని మింగి తట్టుకునే క్షారం మోతాదు. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు బోరు మీద బతికే ఇళ్లకు దీని గురించి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇది మృదువైన నీళ్లున్న ఊళ్ల లెక్కతో కట్టిన పెట్టె. మన నీళ్లకు ఇందులో రెండు డబ్బాల మూత తీసే పనే ఉండదు. ఒకటి మాత్రం మొదటి రోజే దాదాపు ఖాళీ అవుతుంది.

కారణం నీళ్లలోనే ఉంది. ఇక్కడి దుకాణాల్లో మరాఠీలో 'జడ పాణీ' అనేది వీటినే. గీజరు రాడ్డు మీద తెల్లటి పెచ్చు కట్టించే నీళ్లు. చక్కెర వేడికి బాగా కరుగుతుంది, నీళ్లలోని సున్నం మాత్రం వేడెక్కేకొద్దీ బయటపడుతుంది. అందుకే టబ్‌లో అది ముందు పట్టేది కంటికి కనబడే గోడకు కాదు, మోటారు పెట్టె లోపలి హీటరు గొట్టానికి. దానికి తోడు బుడగల బటన్ నొక్కిన ప్రతిసారీ నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పీహెచ్ తనంతట తానే పైకి పాకుతుంది. ఆల్కలినిటీ ఎంత ఎక్కువుంటే అంత వేగంగా పాకుతుంది.

ఒక ఉదాహరణ. కాఠిన్యం (నీళ్లలోని సున్నం మోతాదు) 400 పీపీఎం, అంటే లీటరుకు 400 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ 300, పీహెచ్ 7.8 ఉన్న బోరు నీళ్లను 40 డిగ్రీలకు వేడి చేస్తే లాంగెలియర్ సూచీ (నీళ్లు సున్నాన్ని పేరుస్తాయా, కరిగిస్తాయా చెప్పే లెక్క) +1.3 దగ్గర తేలుతుంది. +0.3 దాటితేనే సున్నం పేరుకోవడం మొదలైనట్టు లెక్క. అదే నీళ్లలో ఆల్కలినిటీని 60కి, పీహెచ్‌ను 7.4కి దించితే సూచీ +0.2కి వస్తుంది. కాఠిన్యం మారలేదు, హీటరు మాత్రం బతుకుతుంది. కిట్‌లోని కాగితం ఆల్కలినిటీ 80 నుంచి 120 ఉంచమంటుంది. జడ పాణీకి 50 నుంచి 80 చాలు.

పీహెచ్ మైనస్. పెట్టెలో అసలు విలువైన డబ్బా ఇదే, కానీ చాలదు. లోపల ఉన్నది సోడియం బైసల్ఫేట్. 800 లీటర్ల టబ్‌లో ఆల్కలినిటీని 10 పీపీఎం తగ్గించడానికి 19 గ్రాములు పడుతుంది. 300 నుంచి 80కి దించాలంటే సుమారు 420 గ్రాములు. అరకిలో డబ్బాలో నెలంతటికీ మిగిలేది 80 గ్రాములు! మొత్తం ఒకేసారి పోస్తే పీహెచ్ పాతాళానికి పడిపోయి హీటరు లోహాన్ని తింటుంది. అందుకే విడతకు 80 గ్రాములు ఒక బకెట్ నీళ్లలో కరిగించాలి (నీళ్లలో పొడి వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు), పంపు తిరుగుతుండగా చుట్టూ తిప్పి పోయాలి. తర్వాత బుడగలు వేసి గంటసేపు వదిలేస్తే పీహెచ్ మళ్లీ లేస్తుంది, ఆల్కలినిటీ మాత్రం దిగిన చోటే ఉంటుంది. అప్పుడు ఇంకో 80. ఇలా ఐదు విడతలు, చివర్లో మిగిలిన 20. ఒక పూట పని. ఆ పూట శ్రద్ధ పెడితే నెలంతా పీహెచ్ జోలికి పెద్దగా పోనక్కర్లేదు.

విడిగా కొనేటప్పుడు పేరు అక్షరం అక్షరం చదవండి. బైసల్ఫేట్ కావాలి. బైసల్ఫైట్, మెటాబైసల్ఫైట్ అన్నవి వేరే సరుకు, అవి క్లోరిన్‌ను చంపేస్తాయి. బాత్రూం కడిగే యాసిడ్ ఇందులో పోయకండి. దాని పొగ ఊపిరికి మంచిది కాదు, అందులో రంగు, మలినాలు ఏమున్నాయో సీసా మీద రాయరు.

ఈ ఖర్చు సగానికి దించే దారి ఒకటుంది. చంద్రపూర్ నగరంలో నల్లాకు వచ్చేది ఇరయి డ్యాం నీళ్లు, చెరువు నీటి తరహావి, బోరు కంటే మృదువు. టబ్ నింపేటప్పుడు సగం నల్లా, సగం బోరు కలిపితే కాఠిన్యం, ఆల్కలినిటీ రెండూ తగ్గుతాయి. టబ్‌లో వేసి కాఠిన్యాన్ని తగ్గించే మందు కిట్‌లో లేదు. స్కేల్ కంట్రోల్ అని టబ్‌లకు అమ్మే ద్రావణాలు సున్నాన్ని పట్టి ఉంచుతాయి తప్ప తీసేయవు, వారం వారం పోస్తుండాలి. కలపడమే తేలిక మార్గం. వానాకాలంలో డాబా మీద మొదటి రెండు వానలు వదిలేసి పట్టిన నీళ్లయితే ఇంకా మంచిది. నల్లా నీళ్లు ఎర్రగా వచ్చే రోజుల్లో మాత్రం డ్రమ్ములో ఒక రాత్రి తేర్చి పైనీళ్లే పోయాలి.

పీహెచ్ ప్లస్, ఆల్కలినిటీ ప్లస్. మొదటిది సోడా యాష్, రెండోది వంటింట్లో ఉండే తినే సోడా. బోరు నీళ్లకు రెండూ అక్కర్లేదు. పట్టీ మీద పీహెచ్ కొంచెం తక్కువ కనబడగానే కంగారుపడి సోడా యాష్ వేసేవాళ్లున్నారు. కాఠిన్యం 400 ఉన్న నీళ్లలో అది పడిన చోట పాలు పోసినట్టు తెల్లటి మేఘం లేస్తుంది. మెల్లగా టబ్ అంతా పరుచుకుంటుంది. అది మురికి కాదు, నీళ్లలోని సున్నమే గడ్డకట్టి బయటపడడం. అలా జరిగితే బుడగలు ఆపి, పీహెచ్ 7.2కి దించి, పంపు నడుపుతూ పూటకోసారి ఫిల్టర్ కడిగితే రెండు రోజుల్లో తేరుకుంటుంది. నిజంగానే పీహెచ్ తక్కువగా ఉంటే అరగంట బుడగలు వేస్తే చాలు, మందు లేకుండానే లేస్తుంది.

పరీక్ష పట్టీలు. క్లోరిన్ ఉందా లేదా అని రోజూ చూసుకోవడానికి సరే. ఆల్కలినిటీకి, కాఠిన్యానికి వీటిని నమ్మకండి. కాఠిన్యం గడిలో 250 తర్వాత 500 ఉంటుంది, మధ్య రంగు చూసి ఏం నిర్ణయిస్తారు? క్లోరిన్ బాగా ఎక్కువున్నప్పుడు పీహెచ్ గడి ఊదారంగుకు తిరిగి అబద్ధం చెబుతుంది. తడి వేళ్లతో తీసినా, మూత వదులుగా పెట్టి వేడిలో ఉంచినా డబ్బా మొత్తం పాడవుతుంది. ఆల్కలినిటీకి అక్వేరియం దుకాణంలో కేహెచ్ చుక్కల కిట్ అడగండి. ఐదు మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలి, చుక్కల సంఖ్యను 18తో గుణించాలి. పదిహేడు చుక్కలు పడితే 300 పైన ఉన్నట్టు, నాలుగు చుక్కలైతే 72. పంచాయతీ ట్యాంకు దగ్గర నీళ్లు పసుపుపచ్చగా మార్చి చూసే క్లోరిన్ పరీక్ష టబ్‌కు చాలదు. అది పనిచేసే క్లోరిన్‌ను, పని అయిపోయిన క్లోరిన్‌ను కలిపి చూపిస్తుంది. డీపీడీ చుక్కలది కొంటే రెండూ విడివిడిగా తెలుస్తాయి.

క్లోరిన్ గుళికలు. సరుకు మంచిదే. ఇది సోడియం డైక్లోర్, 56 శాతం. వేడి నీళ్లలో వెంటనే కరుగుతుంది. 800 లీటర్లకు నాలుగున్నర గ్రాములు వేస్తే 3 పీపీఎం క్లోరిన్. హాట్ టబ్‌లో 3కి తగ్గకూడదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఆ గోరువెచ్చదనంలో ఒంటిమీద ఎర్రటి పొక్కులు తెప్పించే సూడోమోనాస్, ఊపిరితిత్తులకు పాకే లీజియనెల్లా హాయిగా పెరుగుతాయి మరి. కిట్‌లోని ప్లాస్టిక్ చెంచాను నమ్మకుండా వంటింటి డిజిటల్ తూకం వాడండి.

చిక్కు ఎక్కడంటే, డైక్లోర్‌తో పాటు సయనూరిక్ యాసిడ్ కూడా నీళ్లలో చేరుతుంది. అది కొంచెం ఉంటే క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడుతుంది, ఎక్కువైతే క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. ఇద్దరు ఇరవై నిమిషాలు కూర్చుని లేచాక వేయాల్సింది దాదాపు 10 గ్రాములు. దాంతో 7 పీపీఎం క్లోరిన్, 6 పైచిలుకు సయనూరిక్ యాసిడ్ వస్తాయి. క్లోరిన్ మురికితో పోరాడి ఖర్చవుతుంది, సయనూరిక్ అక్కడే ఉండిపోతుంది. ఐదుసార్లకు 30 దాటుతుంది, ఇరవైసార్లకు 120. అప్పుడు పట్టీ మీద క్లోరిన్ నిండుగా కనిపిస్తుంది, నీళ్లు మాత్రం మసకగానే ఉంటాయి. కిట్ కాగితంలో ఈ సంగతి ఒక్క ముక్క రాయకపోవడం పెద్ద లోపం.

దీనికి విరుగుడు సులభమే. కొత్త నీళ్లకు మొదటి ఐదుసార్లు గుళికలు వేయండి. తర్వాత సోడియం హైపోక్లోరైట్ ద్రావణానికి మారండి. 12 శాతం తాజా సరుకైతే 800 లీటర్లకు 20 మిల్లీలీటర్లు 3 పీపీఎం ఇస్తుంది. ఇద్దరు కూర్చుని లేచాక 45 నుంచి 50 మిల్లీలీటర్లు. మే నెలలో ఈ ద్రావణం వేడికి త్వరగా చప్పబడుతుంది కనుక పెద్ద క్యాన్ కొనకండి, చీకటిగా చల్లగా ఉండే మూల పెట్టండి.

బ్లీచింగ్ పౌడర్ సంగతి గట్టిగా చెప్పాలి. బావిలో వేస్తున్నాం కదా అని టబ్‌లో వేయొద్దు. దానిలో సున్నం చాలా ఉంటుంది, మన నీళ్లకు అదే శత్రువు. అంతకంటే ముఖ్యం, బ్లీచింగ్ పౌడర్, డైక్లోర్ పొడిగా కలిసినా, ఒకే చెంచా రెండింటిలో పెట్టినా మంటలు రేగవచ్చు, పేలవచ్చు. పీహెచ్ మైనస్, హైపోక్లోరైట్ కలిస్తే విషవాయువు వస్తుంది. ఒక్కోదానికి ఒక పొడి చెంచా, ఒక్కో మందుకు మధ్య ఇరవై నిమిషాలు, డబ్బాలు వేర్వేరు అరల్లో. ఈత కొలనులో తేలే క్లోరిన్ బిళ్లలు కూడా వద్దు, అవి బాగా ఆమ్లం, ఆనుకున్న చోట టబ్ షీటు తెల్లబడి పెళుసెక్కుతుంది.

కిట్‌లో లేనిది, ఉండాల్సింది ఫిల్టర్ శుభ్రం చేసే సామాను. బొగ్గు గనులు, థర్మల్ స్టేషన్ ఉన్న ఈ జిల్లాలో మూత తీసి ఉంచిన గంటలోనే నల్లటి ధూళి చేరుతుంది. ఫిల్టర్ మడతల్లోకి పైపు నీళ్లు కొడితే కారేది బూడిద రంగు నీళ్లు. రెండు రోజులకోసారి కడగాలి. వారానికోసారి రాత్రంతా చాకలి సోడా నీళ్లలో నానబెట్టి జిడ్డు తీయాలి. బాగా కడిగాక నిమ్మ ఉప్పు నీళ్లలో, లీటరుకు 30 గ్రాముల లెక్కన, గంటసేపు ఉంచితే సున్నం కరుగుతుంది. సున్నమో కాదో తెలియాలంటే పెచ్చు మీద ఒక నిమ్మరసం చుక్క వేయండి, బుస్సున నురగ వస్తే సున్నమే. ఈ వరస తిప్పొద్దు. ముందు ఆమ్లం తగిలితే జిడ్డు మడతలకు అంటుకుపోతుంది. క్లోరిన్ తడి ఉన్న ఫిల్టర్‌ను కడగకుండా నిమ్మ ఉప్పులో వేయడమూ ప్రమాదమే.

తలకు కొబ్బరినూనె పెట్టుకుని దిగితే నీటి అంచున జిగట గీత ఏర్పడుతుంది, దాన్ని ఏ డబ్బా ఆపలేదు. సబ్బు లేకుండా వేడినీళ్లతో స్నానం చేసి, జుట్టు పైకి ముడేసుకుని దిగాలి. ఈత బట్టల్లో మిగిలిన సర్ఫ్ వల్ల నురగ తెట్టె కడుతుంది, వాటిని ఉత్త నీళ్లతో జాడించుకోండి.

ఎండాకాలం 45 దాటే రోజుల్లో హీటరు ఆపినా నీళ్లు చల్లబడవు, పంపు వేడే చాలు 40కి చేర్చడానికి. నీడలో పెట్టి, పంపు తెల్లవారుజామున నడపండి. నీళ్లు మార్చే గడువుకు ఒక చిన్న లెక్క: లీటర్లను 11.4తో భాగించి, వచ్చినదాన్ని రోజూ దిగే మనుషుల సంఖ్యతో భాగించాలి. 800 లీటర్లు, ఇద్దరు అంటే 35 రోజులు. పారబోసే ముందు రెండు రోజులు మందు వేయకుండా మూత తీసి ఉంచి, పట్టీ మీద క్లోరిన్ సున్నా చూశాక వాకిట్లోకి వదలండి. తులసికోట వైపు, కూరగాయల మడి వైపు మాత్రం పారనివ్వకండి, అందులో ఉప్పు చాలానే చేరి ఉంటుంది.