'300 వాట్స్' యాంప్లిఫయర్ కిట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

అనంతపురం చుట్టుపక్కల సొంతంగా యాంప్లిఫయర్లు కట్టుకునే అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. ఆన్‌లైన్‌లో '5200, 1943 జత, 300 వాట్స్' అని, ఆ నంబర్ల ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేసిన బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు అన్నీ కలిపి కిట్‌గా అమ్ముతున్నారు కదా, దాని జోలికి పోకండి. నేను పోయి అనుభవించాను. 2,350 రూపాయల కిట్టు, దానికి తగిలించిన 1,800 రూపాయల కొత్త ఊఫరు (బేస్ స్పీకరు), రెండూ ఒకే సాయంత్రం పోయాయి.

చవితికి మా వీధి మండపంలో పెడదామని తెప్పించాను. చూడ్డానికి బోర్డు ముచ్చటగానే ఉంది. రెండు రాత్రులు కూర్చుని, ట్రాన్సిస్టర్ల కింద కరెంటు తగలకుండా మైకా పొర వేసి, వేడి లాగే పేస్టు పూసి, హీట్‌సింక్‌కు బిగించి, నా మటుకు నేను ఏ లోపమూ లేకుండా కట్టాను. చిన్న సౌండులో గంటసేపు బాగానే పాడింది. సాయంత్రం పిల్లలు తీన్‌మార్ పెట్టి వాల్యూమ్ సగం దాటించారో లేదో, టప్పుమని ఒక చప్పుడు. ఊఫరు కోను ముందుకు తన్నుకొచ్చి అట్లే నిలబడిపోయింది. నేను స్విచ్ దగ్గరికి ఉరికేలోపే వార్నిష్ మాడిన వాసన.

తర్వాత మీటరు పెట్టి చూస్తే స్పీకర్ పిన్నుల దగ్గర 31 ఓల్టుల డీసీ, ఉండాల్సింది దాదాపు సున్నా. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే సప్లై మొత్తం నేరుగా స్పీకర్‌కు వెళ్తుంది. 8 ఓమ్స్ ఊఫరుకు మీటరులో 6 ఓమ్సే చూపిస్తుంది, అంటే 5 యాంపియర్లు, 150 వాట్లకు పైగా వేడి, కదలకుండా ఉన్న వాయిస్ కాయిల్లో, అంటే కోనును కదిపే తీగచుట్టలో. నేను వేసిన 5 యాంప్స్ ఫ్యూజు అంత తొందరగా ఎందుకు పోతుంది? కాయిలే ముందు పోయింది.

అమ్మినవాడికి ఫోటోలు పంపితే "మైకా సరిగా వేసుండరు సార్, వారంటీ రాదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. నాకు మండింది. ఆ 5200 ట్రాన్సిస్టరు, అంటే 2ఎస్‌సీ5200, ఒరిజినల్ అయితే 230 ఓల్టులు, 15 యాంపియర్లు తట్టుకునే సరుకు, 33 ఓల్టుల సప్లైకి చావాల్సిన పని లేదు. పోయిన ట్రాన్సిస్టర్‌ను పట్కారుతో పగలగొట్టాను. పాత సోనీ సెట్టు నుంచి పీకిన ఒకటి, అదీ షార్టయిందే, పక్కన పెట్టి పగలగొట్టాను. పాతదాంట్లో చిప్పు చిటికెన వేలి గోరులో సగానికి పైగా ఉంది. కిట్టుదాంట్లో మినపగింజంత. పైన ప్రింటు మాత్రం రెండింటికీ ఒకటే!

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఇంకా ఘోరం. బోరు మోటార్లకు వైండింగ్ చేసే మామ ఒకాయన ఉన్నాడు మా వీధిలో. చేతిలోకి తీసుకోగానే "ఏమప్పా, ఇది ఇంత తేలికుండాది?" అన్నాడు. 24-0-24, 5 యాంప్స్ అని రాసుంది, అంటే 48 ఓల్టులు ఇంటూ 5 యాంప్స్, 240 వీఏ, మూడు కిలోల దగ్గరుండాలి. పక్కింటి కూరగాయల తక్కెడలో పెడితే కిలోన్నర. ఆయన బ్లేడుతో తీగ మీద వార్నిష్ గీకితే పైన ఎర్రగానే ఉంది, ఇంకొంచెం లోతుగా గీకితే తెల్లగా అల్యూమినియం. రాగి పూత పూసిన తీగ అన్నమాట. నేనైతే పైపైన గీకి రాగే అనుకునేవాణ్ణి.

అసలు 300 వాట్స్ అన్న మాటే అబద్ధమని లెక్క వేసుకుని ఉంటే ముందే తెలిసేది. 24 ఓల్టుల ఏసీ రెక్టిఫై అయి డీసీగా మారితే 33 ఓల్టులు. స్పీకర్‌కు అటూ ఇటూ 30 ఓల్టులకు మించి ఊగదు. 30ని 30తో గుణించి 16తో (8 ఓమ్స్‌కు రెండింతలు) భాగిస్తే 56 వాట్స్. 8 ఓమ్స్‌కు అంతే, 4 ఓమ్స్‌కు ఇంకో రెట్టు. 300 ఎక్కడినుంచి తెచ్చాడో వాడికే తెలియాలి. 10,000 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్లు) అని రాసిన కెపాసిటర్ కూడా మీటరులో 2,900 చూపించింది, ఇరవై శాతం అటూ ఇటూ ఉంటే సర్దుకుంటాం గానీ ఇదేందబ్బా.

ఇప్పటికే ఈ కిట్ కొని ఉంటే దయచేసి నేరుగా కరెంటుకు పెట్టకండి. మొదటిసారి 100 వాట్స్ ఫిలమెంట్ బల్బు (లోపల తీగ వెలిగే పాత రకం) కరెంటు లైన్లో సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి, ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే సరే, అట్లే భగభగా వెలుగుతుంటే ఎక్కడో షార్టుంది. స్పీకర్ తగిలించకముందే ఔట్‌పుట్లో డీసీ చూడండి, 100 మిల్లీఓల్టులు దాటితే తగిలించొద్దు. స్పీకర్‌కు డీసీ వస్తే లైను తెంచేసే, రిలే ఉన్న స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు నేను కక్కుర్తిపడి మానేశాను, అదొక్కటి ఉంటే ఊఫరన్నా మిగిలేది.

ట్రాన్సిస్టర్ల కోసం బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే ఎస్‌పీ రోడ్డుకు పోయే వాళ్లూ ఉన్నారు మనలో, అక్కడ కూడా 'ఒరిజినలా, డూప్లికేటా' అని వాళ్లే అడుగుతారు, ఆ రేటు తేడా చూసైనా అర్థం చేసుకోండి. మామ రాగితో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్తానన్నాడు. కాలిన ఊఫరు మేడ మీద ఉంది, కోను బాగానే ఉంది. మన ఊళ్లో వాయిస్ కాయిల్ మార్చేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.