అశోక్‌నగర్ ఆదివారం పాలిటీ తరగతులు: నైజీరియా పాఠం కోసమైనా చేరండి

గ్రూప్-1కు చదివేవారి కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆదివారాల్లో సమాఖ్య వ్యవస్థలపై ప్రత్యేక తరగతులు నడుపుతోంది. ఫీజు మూడు వేలు. పరీక్షలు రాసే వయసు కాదు నాది. ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. స్థానికత గురించి, అంటే ఉద్యోగాల్లో ఎవరిని స్థానికులుగా లెక్కిస్తారన్న దాని గురించి చెబుతారని తెలిసి చేరాను. ఉద్యోగ నోటిఫికేషన్ వెలువడినప్పుడల్లా, ఎప్పుడో చదువుకొని వెళ్లిన పిల్లలు బోనఫైడ్ (ఇక్కడ చదివారనే ధ్రువపత్రం) కోసం మా బడికి వచ్చేవారు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు దులిపి, ఏ తరగతులు ఎప్పుడు చదివారో చూసి సంతకం పెట్టేదాన్ని. ఆ కాగితం ఎందుకు అడుగుతున్నారో వాళ్లలో చాలామందికి తెలియదు.

నైజీరియా పాఠం అద్భుతంగా చెప్పారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చేసరికి ఆ దేశంలో ఉన్నవి మూడు ప్రాంతాలు. ఉత్తరాన హౌసా-ఫులానీలు, పడమట యొరుబాలు, తూర్పున ఇగ్బోల ఆధిక్యం. 1966లో రెండు సైనిక తిరుగుబాట్లు, 1967లో తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోతున్నట్టు ప్రకటన, 1970 జనవరి దాకా అంతర్యుద్ధం. అంత జరిగాక 1979 రాజ్యాంగంలో ‘సమాఖ్య స్వభావం’ అనే సూత్రం చేర్చారు. ప్రభుత్వంలో కొద్ది రాష్ట్రాలవారిదో, కొద్ది జాతులవారిదో పెత్తనం ఉండకూడదు. 1999 రాజ్యాంగం ప్రకారం 36 రాష్ట్రాల్లో ప్రతి రాష్ట్రం నుంచీ కనీసం ఒక మంత్రి ఉండాలి. అధ్యక్షుడు కావాలంటే అందరికంటే ఎక్కువ ఓట్లు రావడం ఒక్కటే చాలదు. మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో నాలుగో వంతు ఓట్లయినా తెచ్చుకోవాలి. తనవారు కానివారి గుమ్మం కూడా తొక్కక తప్పదన్న మాట. దేశాన్ని కలిపి ఉంచే నిబంధన అంటే ఇలా ఉండాలి.

మంత్రి విషయంలోనే చిక్కు. అతని మూలాలు ఆ రాష్ట్రంలో ఉండాలి, పుట్టి పెరిగినంత మాత్రాన సరిపోదు. అసలువారెవరు, వచ్చి స్థిరపడినవారెవరు అన్న తగవు 2001లో జోస్ నగరంలో వందల ప్రాణాలు తీసింది.

అక్కడి నుంచి మాస్టారు నేరుగా హైదరాబాద్‌కు వచ్చారు. 1919 నాటి ముల్కీ ఫర్మానా (స్థానికులకే ఉద్యోగాలన్న నిజాం ఉత్తర్వు) పదిహేనేళ్ల నివాసం అడిగింది. 1973లో ప్రాంతాల మధ్య ఉద్యోగాల తగవు తీర్చడానికి ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాక కొలమానం చదువుకు మారింది. తెలంగాణకు వచ్చిన 2018 ఉత్తర్వుల్లోనూ కొలమానం చదువే, కాకపోతే ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే లెక్క. ఇది ఎంత ఉదారమైన పద్ధతో నా కళ్లతో చూశాను. శ్రీకాకుళం నుంచి తాపీపనికి వచ్చినవారి బిడ్డ అయినా, బీహార్ నుంచి వచ్చినవారి బిడ్డ అయినా మా బడిలో ఒకటో తరగతిలో చేరి ఏడు దాకా చదివితే ఇక్కడి స్థానికుడే. తాత ఊరేదని రిజిస్టరు అడగదు.

అయితే ఇటుక బట్టీల వెంట తిరిగే పిల్లల చదువు ఏ రిజిస్టరులోనూ వరుసగా కనిపించదు. వాళ్లు ఎక్కడి స్థానికులు? తరగతిలో దీని ఊసే లేదు, నాకు చాలా బాధ కలిగింది.

నోట్సు బాగాలేదు. సుప్రీంకోర్టు 1969లో తెలంగాణ ఉద్యోగాలకు అక్కడి నివాసం ఉండాలన్న నిబంధనను కొట్టేసింది, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. ఈ రెండు తీర్పులనూ ఒకే పేరాలో కలిపేశారు. వేరు చేసి చెప్పకపోతే ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం ఎందుకు వచ్చిందో పిల్లలకు ఎలా అర్థమవుతుంది? హాలు ఇరుకు, వెనక బల్లలకు మైకు సరిగా వినిపించదు. త్వరగా వెళ్లి ముందు వరుసలో కూర్చోండి.

నోట్సులో ఆ పేజీ మార్చమని, వలస కూలీల పిల్లలపై ఒక తరగతి పెట్టమని ఆఫీసులో రాసిచ్చాను. పేజీ మారుస్తామన్నారు. తరగతి సంగతి మాస్టారితో మాట్లాడి చెబుతామన్నారు.