రోత్కో కాన్వాస్ ప్రింట్: రెండు స్టార్లు, అవీ ప్యాకింగ్‌కే

ఆన్‌లైన్‌లో అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో వేసిన 'నంబర్ 14, 1960' అనే బొమ్మ కాన్వాస్ ప్రింట్ తెప్పించాను. 24×36 అంగుళాలు, ఫ్రేముతో కలిపి 4,200 రూపాయలు. ప్యాకింగ్ బ్రహ్మాండంగా ఉంది, మూలలకి థర్మోకోల్ పెట్టి రెండు చుట్లు బబుల్ ర్యాప్ చుట్టారు, ఒక్క గీత కూడా పడలేదు. మెచ్చుకోవడం ఇక్కడితో సరి.

ముందు కొక్కేల సంగతి. బొమ్మలో పైన పెద్ద నారింజ-ఎరుపు రంగు దిమ్మ, కింద ముదురు నీలం ఉండాలి. వీళ్ళు కొక్కేలు పొడుగు వైపు బిగించారు, గోడకి తగిలిస్తే నారింజ ఎడమకి, నీలం కుడికి వచ్చాయి. ఫోన్ చేస్తే అవతల అబ్బాయి చాలా మర్యాదగా "మోడరన్ ఆర్టే కదా సార్, ఎటు పెట్టినా ఒకటే" అన్నాడు. రోత్కో ఈ మాట వినకుండానే పోయాడు, నయం. బొమ్మ నేలకి ఎంత ఎత్తున ఉండాలి, గదిలో వెలుతురు ఎంత ఉండాలి అని గ్యాలరీల వాళ్ళ ప్రాణం తీసిన మనిషి!

సైజు కూడా తప్పే, ఇందులో నా పొరపాటూ ఉంది. అసలు బొమ్మ తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు, వెడల్పు తొమ్మిదికి కాస్త తక్కువ, అంటే దాదాపు చదరం. దాన్ని సాగదీస్తే తప్ప 24×36లో పట్టదు. ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ ఆలోచన రాలేదు.

పోయినేడు అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో అసలుది చూశాను, అందుకే ఇంత కోపం. అడుగున్నర దూరంలో నిలబడి చూడమనేవాడట ఆయన. అంత దగ్గరికి వెళ్తే అంచు అసలు గీతలా ఉండదు, తడిగుడ్డ మీద రంగు పాకినట్టు పలచబడి అడుగున ఉన్న రంగులో కలిసిపోతుంది. రంగుని టర్పెంటైన్‌తో నీళ్ళలా చేసి పొర మీద పొర వేసేవాడు, వెలుతురు లోపల్నుంచి వస్తున్నట్టు అనిపించేది అందుకే. నాకొచ్చిన దాంట్లో ఒకటే పొర సిరా, పైన మెరిసే లామినేషన్, దాంట్లో మా హాల్లో ట్యూబ్‌లైటు మూడో దిమ్మలా కనిపిస్తోంది. "పెయింటరు శాంపిల్ వేసి వెళ్ళాడా?" అంది అమ్మ. ఏం చెప్పను?

ప్రింటుతో పాటు ఆయన గురించి ఒక కార్డు పెట్టారు, 'ప్రపంచ ప్రఖ్యాత కళాకారుడు' అని, అంతే. రష్యా సామ్రాజ్యంలోని ద్విన్స్క్‌లో (ఇప్పుడది లాత్వియా) 1903లో పుట్టి, పదేళ్ళప్పుడు అమెరికా చేరి, కొన్ని నెలలకే తండ్రిని పోగొట్టుకుని, యేల్ యూనివర్సిటీలో చదువు మధ్యలో మానేసి, బ్రూక్లిన్‌లో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకి బొమ్మలు నేర్పుతూ బతికాడు. ఈ దిమ్మల బొమ్మలకి వచ్చేసరికి నలభై ఐదు దాటాయి. 1958లో న్యూయార్క్‌లో ఒక ఖరీదైన రెస్టారెంటు గోడలకి 35,000 డాలర్లకి బొమ్మలు ఒప్పుకున్నాడు, తీరా అక్కడ భోంచేసి వచ్చాక, ఇలాంటి చోట తినేవాళ్ళు నా బొమ్మలు చూడరంటూ డబ్బు వెనక్కిచ్చేశాడు! వాటిలో తొమ్మిది లండన్‌లోని టేట్ మ్యూజియానికి ఇచ్చాడు. అవి అక్కడికి చేరిన రోజే, 1970 ఫిబ్రవరి 25న, ఆయన తన స్టూడియోలో శవమై కనిపించాడు. ఆ కార్డు మీద ఇదంతా పట్టదనుకోండి, కనీసం పుట్టిన ఊరైనా వేయొచ్చుగా.

'రంగు వెలవదు, గ్యారంటీ' అని స్టిక్కర్ ఒకటి. హార్వర్డ్ భోజనశాలకి ఆయన వేసిన అయిదు బొమ్మలు 1964లో పెడితే, ఎండకి ఎరుపు వెలిసిపోయి 1979కల్లా స్టోర్ రూమ్‌కి పోయాయి. 2014లో వాటి మీద చెయ్యి వేయకుండా, పోయిన రంగుని ప్రొజెక్టర్ వెలుతురుతో నింపి చూపించారు. నా ప్రింటు వెలిస్తేనే కాస్త బాగుంటుందేమో.

'కస్టమ్ సైజ్' అని రిటర్న్ తీసుకోలేదు. కొక్కేలు మా వీధి కార్పెంటర్ చేత మార్పించాను, వంద రూపాయలు. మీరు కొనాలనుకుంటే లామినేషన్ లేని మ్యాట్ (మెరవని) ప్రింటు అడగండి, అసలు బొమ్మ కొలతలు చూసుకోండి, మీ గోడ పట్టినంత పెద్దది తీసుకోండి. పైవైపు ఏదో ఆర్డర్‌లోనే రాసి పెట్టండి.