ఫోనులో ప్రకటన, కౌంటర్‌లో బిల్లు: రెండింటినీ జతచేసే లెక్కపై సమీక్ష

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు ఖర్చు పెట్టే ప్రతి దుకాణదారుడినీ వేధించే ప్రశ్న ఒకటే: ఈ డబ్బు వల్ల కౌంటర్ దాకా వచ్చిన బేరం ఎంత? విజయవాడ, గుంటూరు, ఏలూరుల్లో మా కుటుంబానికి చీరల దుకాణాలున్నాయి. అక్కడ జరిగే అమ్మకాల వివరాలను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని సంస్థ మెటాకు పంపి, ప్రకటనలు చూసినవారితో సరిపోల్చే సదుపాయాన్ని కొన్నేళ్ళుగా వాడుతున్నాం. నిస్సందేహంగా వాడదగినదే. అయితే అది చూపే మొత్తాన్ని ప్రకటన తెచ్చిన అమ్మకంగా చదువుకుంటే మాత్రం డబ్బు తప్పుడు చోట పోతుంది.

పని జరిగే తీరు ఇది. బిల్లు మీది ఫోను నంబరుకు ముందు 91 చేర్చి, షా-256 అనే పద్ధతిలో అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి వరుసగా మారుస్తారు. మెటా తన సభ్యుల నంబర్లనూ అలాగే మార్చి పోలుస్తుంది. రెండూ కలిస్తే, ఆ మనిషి మన ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లో గానీ, ఊరికే చూసిన ఒక రోజులో గానీ కొన్నారా అని చూసి బిల్లు మొత్తాన్ని ఆ ప్రకటన ఖాతాలో వేస్తుంది. 62 రోజుల వరకు పాత బిల్లులు పంపవచ్చు. 2025లో దుకాణ బిల్లులు పంపే పాత దారి మూసి అంతా కన్వర్షన్స్ ఏపీఐలోకి, అంటే సాఫ్ట్‌వేర్ నుంచి మెటాకు అమ్మకాల వివరాలు నేరుగా చేరే దారిలోకి, మార్చారు కాబట్టి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దానితో నేరుగా మాట్లాడగలిగితే పని చాలా తేలిక.

అసలు చిక్కు మన కుటుంబాల తీరులో ఉంది. పెళ్ళి పట్టుచీరలకు ఎవరూ ఒంటరిగా రారు. పెళ్ళికూతురు, తల్లి, పిన్ని, అత్తగారి తరఫువారు అందరూ కలిసి వస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో చీర చూసి దాచుకున్నది అమ్మాయి. బిల్లు మీద పడేది డబ్బు కట్టే తండ్రి నంబరు. ఆయన ఇన్‌స్టాగ్రామ్ వాడరు. ఆ సీజన్‌లోకెల్లా పెద్ద బిల్లు ప్రకటనతో సంబంధం లేనిదిగా మిగిలిపోతుంది. అమెరికాలో ఉన్న కూతురు మా చీర ఫోటోను వాట్సాప్‌లో పంపితే, గుంటూరులో తల్లి ఆ ఫోటో చూపించి కొనుక్కెళ్ళడం మా సేల్స్‌మెన్‌కు మామూలు విషయం. ఏ నివేదికలోనూ అది కనబడదు. అందుకే ఇప్పుడు మా కౌంటర్‌లో "చీర ఎంచుకున్నవారి నంబరు ఇస్తారా అమ్మా?" అని అడుగుతున్నారు. ఈ ఒక్క మాటతో సరిపోలే బిల్లులు స్పష్టంగా పెరిగాయి. ఏ సాఫ్ట్‌వేర్ మార్పూ ఇంత మేలు చేయలేదు.

ఏడు రోజుల గడువు కూడా పట్టు వ్యాపారానికి ఇరుకు. ముహూర్తం పెట్టుకుని, డబ్బు సమకూరాక గానీ జనం రారు. రోజూ కట్టుకునే కాటన్ చీరలైతే చూసిన వారంలోనే కొంటారు. కాబట్టి నివేదికలో కాటన్ ప్రకటన గొప్పగా, పట్టు ప్రకటన దండగగా కనిపిస్తుంది. మా లాభాల లెక్క దాదాపు దీనికి తలకిందులుగా ఉంది.

గూగుల్ 2014లో తెచ్చిన దుకాణ సందర్శనల లెక్క వేరు. ఫోను లొకేషన్ ఆధారంగా ఎంతమంది వచ్చి ఉంటారో అంచనా కట్టి, ఎవరెవరన్నది చెప్పకుండా మొత్తాన్నే చూపుతుంది. తగినంత సమాచారం లేని ఖాతాలకు అది కనబడదు. వచ్చినవారు కొన్నారో లేదో అది చెప్పదు. అమెరికాలో ఇదే సంస్థ 2017లో, భాగస్వాముల ద్వారా అక్కడి కార్డు చెల్లింపుల్లో సుమారు 70 శాతం తన లెక్కకు అందుతాయని ప్రకటించింది. మన దగ్గర చీర కొన్నవారు నగదు ఇస్తారు, లేదా యూపీఐలో కడతారు. దుకాణానికి నమ్మకంగా చేతికందేది బిల్లు నంబరే.

నాకు ఎక్కువ నేర్పింది మాత్రం ఏలూరులో ప్రకటనలు ఆపి చూడడం. శ్రావణ మాసంలో నివేదిక చూస్తే అమ్మకాల్లో పెద్ద భాగం ప్రకటనలదే అనిపించేది. ఒక శ్రావణంలో ఏలూరుకు ప్రకటనలు ఆపి, గుంటూరుకు కొనసాగించాం. వరలక్ష్మీ వ్రతానికి ఏలూరు అమ్మకం గుంటూరుతో సమానంగానే పెరిగింది. ఆ వచ్చినవారంతా ఏటా వచ్చేవారే, ఎలాగూ వచ్చేవారే! దారిలో ప్రకటన కంటపడింది కనుక ఆ బిల్లులు దాని ఖాతాలో పడేవి, అంతే. పండుగలు లేని రోజుల్లో కొత్త పట్టు రకాలు వచ్చినప్పుడు ఇదే పరీక్ష చేస్తే, ప్రకటన ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా చక్కగా తెలిసింది. దాంతో శ్రావణానికి పెట్టే ఖర్చు తగ్గించి, పాత ఖాతాదారుల నంబర్లను ప్రకటనలు చూసేవారి నుంచి తొలగించి, మిగిలిన డబ్బును కొత్తవారి మీద పెట్టాం.

నంబరు అడిగే పద్ధతిలో నేను రాజీపడను. నంబరు ఇస్తేనే బిల్లు అనకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు సూచించింది. అదే ఏడాది ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. "నంబరును రహస్య రూపంలోకి మారుస్తాం, భయమేమీ లేదు" అని సాఫ్ట్‌వేర్ అమ్మేవారు చెప్పే మాట చాలదు. పది అంకెల నంబర్లు ఎన్ని ఉన్నా వాటికి లెక్కుంది. కంప్యూటర్‌తో అన్నింటినీ మార్చి చూస్తే అసలు నంబరు బయటపడుతుంది. అందుకే నంబరు ఎక్కడికి వెళుతుందో తెలుగులో రాసిన కాగితం కౌంటర్‌లో పెట్టాం. వద్దన్నవారి బిల్లు నంబరు లేకుండానే ఇస్తాం, వారి వివరాలు ఎక్కడికీ పంపం. నివేదిక కొంత చిన్నదైనా ఫరవాలేదు.

ఒకే దుకాణం ఉండి చేత్తో బిల్లులు రాసేవారికి ఇదేదీ అక్కర్లేదు. ప్రకటనలో ఒక ప్రత్యేకమైన చీర చూపించి, దాన్ని అడిగినవారిని నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. ఊరికొక దుకాణమూ కంప్యూటర్ బిల్లింగూ ఉన్నవారు తప్పక మొదలుపెట్టవచ్చు. మొదటి నివేదిక తెరవకముందే పంచాంగం ముందు పెట్టుకుని, ఏ ఊళ్ళో ఏ తేదీల్లో ప్రకటనలు ఆపుతారో రాసి పెట్టుకోండి. పండుగ రోజుల్లో ఒకసారి, పండుగలు లేనప్పుడు ఇంకోసారి.