కూర్చున్న చోటే వైఫై తెగుతోందా? బూస్టర్ కొనకండి, ముందు ఇది చదవండి

హన్మకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్లలో ఇంటి నుంచి పని చేసేవాళ్లు దయచేసి చదవండి. నా 2,600 రూపాయలు పోయాయి, మీవి పోవద్దు.

నా టేబుల్ రూటర్‌కు పదడుగుల దూరంలో ఉంటుంది. ల్యాప్‌టాప్ అక్కడి నుంచి కదలదు. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. అయినా రోజూ నాలుగైదు సార్లు మీటింగ్ మధ్యలో అందరి మొహాలు బిగుసుకుపోయేవి. అర నిమిషానికి దానంతట అదే వచ్చేది. టెన్షన్‌తో చౌరస్తా దగ్గర ఒక షాపుకు వెళితే, "రేంజ్ తక్కువుంది సార్, ఈ బూస్టర్ పెట్టుకోండి, ఇగ రంది ఉండదు" అన్నారు. పదడుగుల్లో రేంజ్ ఎలా తక్కువవుతుందని ఆలోచించకుండా కొనేశాను.

బూస్టర్ పెట్టాక ఇంకా ఎక్కువసార్లు తెగింది. మూడోరోజు వాపసు తీసుకెళితే, సీల్ తీసినంక వాపసు తీసుకోం అన్నారు. చేతిలో ఉన్నది తెల్లకాగితం మీద రాసిన చిట్టీ మాత్రమే. సరైన బిల్లు అడిగి తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయాలన్నా ముందు అదే అడుగుతారు.

అసలు కారణం మా బావమరిది వచ్చి పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో నల్ల విండో (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి "ping 192.168.1.1 -t" కొట్టి వదిలేశాడు. రూటర్ జవాబిస్తోందా అని ఈ పింగ్ ఆపకుండా అడుగుతూ ఉంటుంది. 192.168.1.1 మా రూటర్ అడ్రస్. మీది వేరే కావచ్చు, రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. మీటింగ్ ఆగిన ప్రతిసారీ అక్కడే "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్" (రూటర్ నుంచి జవాబు రాలేదు) అని పడింది. అంటే తెగుతున్నది బయటి లైను కాదు, టేబుల్‌కూ రూటర్‌కూ మధ్యలోనే. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ చూస్తే 2.4 గిగాహెర్ట్జ్‌లో (మా రూటర్ వైఫై పంపే రెండు బ్యాండ్లలో ఒకటి, రెండోది 5 గిగాహెర్ట్జ్) పక్క ఫ్లాట్ల రూటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మా రూటర్ ఛానల్ (బ్యాండ్‌లో సిగ్నల్ వెళ్లే దారి) "ఆటో"లో ఉండి, ఆ రద్దీ తప్పించుకోవడానికి మాటిమాటికీ ఛానల్ మారుతోంది. మారినప్పుడల్లా కనెక్షన్ తెగుతుంది. బూస్టర్ కూడా ఆ కొత్త ఛానల్‌ను వెతుక్కోవాలి కాబట్టి ఇంకా ఆలస్యం. పైగా రెండింటికీ ఒకే పేరు ఉండటంతో ల్యాప్‌టాప్ ఒకసారి దీనికి, ఒకసారి దానికి దూకేది.

బూస్టర్ పీకేశాం. 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి, ఛానల్ 36కు కట్టేసి, ల్యాప్‌టాప్‌ను దానికే కలిపాం. 2.4ను, ఒకదాని మీద ఒకటి ఎక్కని 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువున్న 11కు మార్చాం. పైసా ఖర్చు లేదు. మూడు వారాలైంది, ఒక్క మీటింగ్ కూడా ఆగలేదు.

మీ దగ్గర రూటర్‌కు పింగ్ సాఫీగా వెళ్తూ నెట్ మాత్రమే ఆగుతుంటే తప్పు లైనుది కావచ్చు. ఫైబర్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలిగిందేమో చూసి, నెట్ ఇచ్చేవాళ్లకే కంప్లైంట్ పెట్టండి. ఆ సమస్యకూ బూస్టర్ పనికిరాదు.