తిరుమల ఘాట్‌కి, తోపు దారి బురదకి ఒకే బ్రేకులు: నా థార్‌కి వేయించిన ప్యాడ్లు, డిస్క్‌లు

నాది 2020లో వచ్చిన కొత్త మోడల్ మహీంద్రా థార్ జీపు, డీజిల్. ముందు డిస్క్ బ్రేకులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం లాంటి డిస్క్‌ని రెండు వైపుల నుంచి ప్యాడ్లు అదిమి ఆపుతాయి), వెనక డ్రమ్ములు (తిరిగే డ్రమ్ముని లోపలి నుంచి షూలు ఒత్తి ఆపుతాయి). బండితో వచ్చిన ప్యాడ్లు అరిగిపోయే దాకా నమ్మకంగా పనిచేశాయి. అవి అయిపోయాక ముందు చక్రాలకు సెమీ మెటాలిక్ ప్యాడ్లు (లోహపు పొడి, పీచు కలిపి చేసినవి), గాట్లూ చిల్లులూ లేని సాదా వెంటిలేటెడ్ డిస్క్‌లు (మధ్యలో గాలి ఆడేవి) వేయించాను. వాటి మీద పాతిక వేల కిలోమీటర్ల పైనే తిరిగాను. ఎండలూ వానలూ చూశాకే రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను.

ఇల్లు తిరుపతిలో, మామిడి తోపు దామలచెరువు అవతల. కాయల సీజన్లో తోపుకి పోకుండా కుదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడితే దారిలో వంక పారుతుంది. ఇంటికి చుట్టాలు వచ్చారంటే కొండకి పోవాల్సిందే. ఎక్కడం 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో, దిగడం 1944 నాటి మొదటి దారిలో. ఘాట్‌లో వేడి, వంకలో ఇసుకా బురదా. షాపుల్లో చూపించే సరుకు చాలా వరకు ఈ రెండిట్లో ఒకదానికే బాగుంటుంది. రెండూ తట్టుకునేది వెతుక్కోవడమే మన వైపు బండి ఉన్నవాళ్ళకి అసలు పని.

ఒకే కంపెనీ రెండు మూడు రకాల ప్యాడ్లు అమ్ముతుంది కాబట్టి పేరు కన్నా ఏం చూడాలో చెప్తాను. ప్యాడ్ అంచు మీద అచ్చు వేసిన నంబర్ల చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి: ఎఫ్ఎఫ్ (FF), ఎఫ్ఈ (FE), జీజీ (GG) ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో ఉండే పట్టుకి, రెండోది బాగా కాగాక ఉండే పట్టుకి. E అంటే ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఈ రకం ఊళ్ళో చక్కగా పట్టి, కాగేకొద్దీ పట్టు సడలిపోతుంది. ఘాట్ దిగేవాళ్ళకి రెండో అక్షరమే ముఖ్యం. నేను వేయించినవి ఎఫ్ఎఫ్. ఎన్ని రోజులు మన్నుతాయో ఈ అక్షరాలు చెప్పవు, అది వాడి తెలుసుకోవాల్సిందే. అక్షరాలే లేని ప్యాడ్‌ని ఎంత తక్కువకి ఇచ్చినా ముట్టుకోకండి.

ఇక వాడకం. బండి నిండా మనుషులతో కొండ దిగినా, అలిపిరి చేరేసరికి పెడల్ పైన ఎలా ఉందో కిందా అలాగే ఉంటోంది. లోతుకి పోవడం గానీ, మెత్తబడడం గానీ లేదు. ఇందులో గేరు పాత్ర కూడా ఉంది. నేను రెండు, మూడు గేర్లలోనే దిగుతాను. మలుపుకి ముందు గట్టిగా ఒకసారి నొక్కి వదిలేస్తాను. పెడల్ మీద కాలు అలా పెట్టి ఉంచితే ఏ ప్యాడైనా కాలుతుంది. దారంతా వచ్చే ఆ మాడు వాసన అలా దిగే బండ్లదే. కిందికొచ్చి ఆగినప్పుడు కూడా పెడల్ నొక్కి పట్టుకోను, హ్యాండ్ బ్రేక్ వేస్తాను. అది వెనక డ్రమ్ములకే పనిచేస్తుంది. కాగిన డిస్క్‌ని ప్యాడ్ ఒకేచోట అదిమి పెడితే ప్యాడ్ పదార్థం అక్కడ అంటుకుంటుంది, తర్వాత నొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. "డిస్క్ వంగింది" అని మార్పించుకునే వాటిలో చాలావాటికి వచ్చిన జబ్బు ఇదే.

బురదలో ఫలితం కాస్త కలగలుపు. వంక దాటిన వెంటనే మొదటి నొక్కుడుకి పట్టు తక్కువగా ఉంటుంది. బండి మెల్లగా పోతుండగానే పెడల్ తేలిగ్గా నొక్కి పట్టుకుంటే తడి ఆరి మామూలుకి వస్తుంది. ఇసుక మాత్రం వదలదు. గంధం చెక్కని సాన మీద అరగదీసినట్టు ప్యాడ్‌నీ డిస్క్‌నీ రెండిటినీ తినేస్తుంది. అందుకే తోపు నుంచి రాగానే బండి చల్లారనిచ్చి, చక్రాల లోపలి వైపు పైపుతో నీళ్ళు కొట్టడం అలవాటు చేసుకున్నాను. కాగిన డిస్క్ మీద చల్లటి నీళ్ళు కొట్టొద్దు.

డిస్క్‌ల విషయంలో నా మాట సూటిగా చెప్తాను: చిల్లుల డిస్క్‌లు మనకొద్దు. మా బావమరిది అందంగా ఉన్నాయని తన జీపుకి అవే వేయించాడు. ఒక వానాకాలం గడిచేసరికి చిల్లుల్లో బురద గట్టిపడి రాయైంది, తర్వాత చిల్లుల అంచుల నుంచి వెంట్రుకల్లాంటి పగుళ్ళు బయలుదేరాయి. గాట్ల డిస్క్‌లు అంత ప్రమాదం కాదు గానీ ప్యాడ్‌ని తొందరగా అరగదీస్తాయి, శబ్దం చేస్తాయి. మధ్యలో గాలి ఆడే సాదా పోత ఇనుము డిస్క్ మనకి చాలు.

పాత డిస్క్‌ని లేత్ మీద పట్టించి మళ్ళీ వాడొచ్చా అంటే, ముందు మందం చూడాలి. ఇంతకన్నా తగ్గకూడదు అని డిస్క్ మీదే అచ్చు వేసి ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్‌ని నేరుగా పెడితే అరగని అంచు తగిలి ఎక్కువ చూపిస్తుంది. రెండు వైపులా ఒక్కో రూపాయి బిళ్ళ పెట్టి కొలిచి, బిళ్ళల మందం తీసేస్తే సరైన లెక్క వస్తుంది. నా పాతవి హద్దుకి దగ్గరపడ్డాయి కాబట్టి కొత్తవే తీసుకున్నాను.

బిగించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడ్డాను. డిస్క్ కూర్చునే హబ్ (చక్రం నడిమి భాగం) ముఖం మీద తుప్పుని వైర్ బ్రష్‌తో పూర్తిగా గీకించాను. అక్కడ చిన్న పెళ్ళ మిగిలినా డిస్క్ వాలుగా కూర్చుంటుంది. కాలిపర్ (ప్యాడ్లని పట్టి అదిమే భాగం) జారే పిన్నులు తీయించి, సిలికాన్ గ్రీజు రాయించి, రబ్బరు తొడుగులు కొత్తవి వేయించాను. బురదలో తిరిగే బండికి ప్యాడ్ల కన్నా ముందు పాడయ్యేవి ఈ పిన్నులే. ఈమధ్య చక్రం విప్పి చూస్తే ఎడమ వైపు లోపలి ప్యాడ్ 4 మిల్లీమీటర్లు, బయటిది 7. పిన్ను పట్టేసిందని చూడగానే అర్థమైంది. శుభ్రం చేసి గ్రీజు పెట్టాక మళ్ళీ సమంగా అరుగుతోంది. 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేస్తాను.

బ్రేక్ ఆయిల్ కూడా అప్పుడే డాట్ 4 (DOT 4) రకం కొత్తది పోయించాను. కొత్త ఆయిల్ మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు. తేమ పీల్చుకున్నాక 155కి దిగొచ్చు. ఘాట్‌లో పెడల్ మెత్తబడితే ఆయిల్‌ని కూడా అనుమానించండి, ఎందుకంటే ఆవిరి బుడగలు వస్తే ఎంత మంచి ప్యాడైనా పనిచేయదు. రెండేళ్ళకోసారి మార్చడం మంచిది.

కొత్త ప్యాడ్లని వెంటనే కొండకి తీసుకెళ్ళొద్దు. తెల్లవారుజామున రేణిగుంట వైపు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, యాభై వేగం నుంచి పది దాకా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్ళీ వేగం అందుకోవడం, ఇలా పలుమార్లు చేసి చల్లారనిచ్చాను. ఆ తర్వాతే పట్టు పూర్తిగా వచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు మూడు నొక్కుళ్ళకి కీచుమంటాయి. చక్రాల మీద నల్లటి పొడి పడుతుంది, పండక్కి తోముకోవాల్సి వస్తుంది. బండి ఎప్పుడూ టౌన్లోనే తిరిగేవాళ్ళు ఇవి కాకుండా సిరామిక్ ప్యాడ్లు తీసుకోవచ్చు; శబ్దమూ మసీ తక్కువ. మాలాగా వంక దాటి తోపుకి పోయి, శనివారం కొండ దిగేవాళ్ళకైతే ఎఫ్ఎఫ్ సెమీ మెటాలిక్‌నే చెప్తాను. నాకు ఈసారి ఖర్చు వెనక డ్రమ్ముల మీద ఉంది: బురద లోపల పేరుకుని హ్యాండ్ బ్రేక్ మెత్తబడుతోంది, వానలు మొదలయ్యేలోపు విప్పించి షూలు మార్పించాలి.