తొలి ట్రయాథ్లాన్ సరంజామా: తడి ఒంటి మీద ఏది పనిచేస్తుంది, ఏది మొరాయిస్తుంది

కొనేటప్పుడు ట్రయాథ్లాన్ సామాను ఏదైనా పొడి ఒంటి మీద, తీరిగ్గా, అద్దం ముందు వేసుకుని చూస్తాం. రేసులో అదే వస్తువును తడి చేతులతో, రొప్పుతూ, పక్కవాళ్ల హడావిడి మధ్య వాడాలి. అందుకే ఇక్కడ ప్రతి వస్తువుకూ ఒకటే పరీక్ష: నీళ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన మనిషికి అది లొంగుతుందా, లేదా? 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్ దూరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. దానికి రెట్టింపు ఉండే ఒలింపిక్ దూరానికీ చాలావరకు సరిపోతుంది.

సైకిల్‌ సంగతి పక్కన పెడితే బాగా ఖరీదైనది, అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది వెట్‌సూట్, అంటే చల్లటి నీళ్లలో ఈతకు ఒంటికి బిగుతుగా తొడుక్కునే రబ్బరు సూట్. అసలు అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. ఈ ఆట అంతర్జాతీయ సంస్థ వరల్డ్ ట్రయాథ్లాన్ నియమాల ప్రకారం వయోవర్గాల పోటీల్లో (ఔత్సాహికులు వయసుల వారీగా తలపడేవి) 1500 మీటర్ల వరకు ఈతకు నీటి ఉష్ణోగ్రత 22 డిగ్రీల సెల్సియస్ దాటితే వెట్‌సూట్ నిషిద్ధం. కొందరు నిర్వాహకులు వేరే హద్దు పెట్టుకుంటారు కాబట్టి మీ రేసు నియమావళి చూడాలి. గోరువెచ్చని నీళ్లలో జరిగే రేసు కోసం దీన్ని కొనడం దండగ. ఒక్క రేసుకే అయితే అద్దెకు దొరుకుతుందేమో చూడండి.

సర్ఫింగ్ సూట్‌తో సరిపెట్టుకుందామనుకోవద్దు. దాని భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి, పైనున్న గుడ్డ పొర నీటిని ఈడుస్తుంది. ట్రయాథ్లాన్ సూట్ పైభాగం నున్నగా ఉంటుంది. తొడల దగ్గర మందం ఎక్కువ, భుజాల దగ్గర తక్కువ. నియమాల ప్రకారం ఎక్కడా 5 మిల్లీమీటర్లు మించకూడదు. తొడల దగ్గరి మందం కాళ్లను తేలుస్తుంది. అందుకే ఈతలో కాళ్లు కిందికి జారిపోయేవాళ్లకే దీనితో ఎక్కువ లాభం. నీటి మీద చక్కగా తేలే ఈతగాళ్లకు అంత తేడా తెలియదు.

"సూట్ భుజాల దగ్గర పట్టేస్తోంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం సైజు కాదు, తొడుక్కున్న తీరు. గజ్జల దగ్గర ఖాళీ మిగిలిపోతే పై రబ్బరంతా కిందికి లాగుతుంది, రెండొందల మీటర్లకే చేతులు బరువెక్కుతాయి. పాదానికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి కాలు దూర్చండి, సులువుగా జారుతుంది. సూట్ అంచును చీలమండకు కాస్త పైన ఆపి, అక్కడి నుంచి మోకాలు, తొడ, గజ్జల దాకా కొంచెం కొంచెంగా పైకి జరపండి. అక్కడ ఖాళీ లేదని తేలాకే చేతులు దూర్చాలి. లాగేటప్పుడు గోళ్లు తగలనివ్వొద్దు, వేళ్ల మెత్తటి భాగంతోనే పట్టుకోవాలి. గోరు దిగితే నున్నటి రబ్బరు మీద నెలవంకలా కోసుకుపోతుంది. దాన్ని అప్పుడే నియోప్రీన్ (సూట్ రబ్బరు) జిగురుతో అతికిస్తే సరి, వదిలేస్తే చీలిక పెరుగుతుంది.

మెడ వెనక, ఊపిరికి తల తిప్పే వైపు చర్మం ఒరుసుకుపోతుంది. అక్కడ జారుడు లేపనం రాయాలి. పెట్రోలియం జెల్లీ మాత్రం వద్దు, నియోప్రీన్‌కు అది మంచిది కాదు. మన సమయాన్ని నమోదు చేసే టైమింగ్ చిప్ పట్టీని ముందు చీలమండకు కట్టుకుని దాని మీదుగా సూట్ దించండి. చీలమండ చుట్టూ కూడా అదే లేపనం రాస్తే విప్పేటప్పుడు సూట్ అక్కడ చిక్కుకోదు. ఒడ్డుకు రాగానే, లోపల ఇంకా నీళ్లుండగానే, జిప్ తాడు లాగి నడుము దాకా ఒలిచేయాలి. నీళ్లు కారిపోయాక అదే సూట్ ఒంటికి అంటుకుపోతుంది. సైకిల్ స్టాండు దగ్గర మోకాళ్ల కిందికి దించి, ఒక కాలితో తొక్కిపట్టి రెండో కాలు లాగేయండి.

చేతుల్లేని సూట్ తొందరగా ఊడుతుంది, భుజాలకు స్వేచ్ఛ ఉంటుంది. చంకల దగ్గర నీళ్లు జొరబడి కొంత వేగం తగ్గినా, నీళ్లు మరీ చల్లగా లేకపోతే తొలి రేసుకు అదే మేలు.

ఇక ట్రైసూట్, అంటే ఈత, సైకిల్, పరుగు మూడింటికీ మార్చకుండా వేసుకునే దుస్తు. సైకిల్ నిక్కరుకుండే మందపాటి ప్యాడ్ నీళ్లు పీల్చుకుని పరుగులో తొడల్ని ఒరిపిస్తుంది. ట్రైసూట్‌లో ప్యాడ్ పల్చగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. రెండు ముక్కల రకం మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తే సులువు, కానీ పై ముక్క నడుము దగ్గర ఎగబాకుతుంది. వెట్‌సూట్ కింద పూర్తిగా వేసుకునే ఈత మొదలుపెట్టాలి. తడి ఒంటి మీద చేతులు దూర్చడం నరకం. రోజువారీ ఈత సాధనకు దీన్ని వాడొద్దు, క్లోరిన్‌కు సాగుడు పోతుంది.

ఇచ్చిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది సాగే లేసులు. తడి వేళ్లతో ముడి వేసే బాధ తప్పుతుంది. బిగింపు మాత్రం కూర్చుని కాదు, నిలబడి, పాదం మీద బరువు వేసి సరిచూడాలి. మరీ బిగిస్తే కాసేపు పరుగెత్తగానే పాదం ముందుభాగం తిమ్మిరెక్కుతుంది, మరీ వదిలేస్తే మడమ లేచి బొబ్బలొస్తాయి. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే సాధన రెండు మూడు సార్లు చేసి బిగింపు ఖాయమయ్యాకే మిగులు తాడు కత్తిరించండి. పొట్టిగా కోసిన లేసును పొడిగించలేం. బూటులో కాస్త టాల్కం పౌడరు చల్లితే తడి పాదం జారి లోపలికి వెళ్తుంది. సాక్సు వేసుకునేవాళ్లు వాటిని ముందే వేళ్ల దాకా చుట్టి బూటులో ఉంచుకోవాలి.

పోటీ నంబరు కాగితాన్ని నడుముకు కట్టే నంబరు బెల్టు చిన్న వస్తువే, ఉండాల్సిందే. చాలా రేసుల్లో సైకిల్ మీద నంబరు వెనక్కి, పరుగులో ముందుకి ఉండాలి. బెల్టు ఉంటే ఒక్క తిప్పుతో పని అయిపోతుంది. సైకిల్ గాలికి కాగితం రంధ్రాల దగ్గర చిరుగుతుంది కాబట్టి వెనక టేపు అతికించాలి.

ఈత కళ్లద్దాల లోపలి ఆవిరి నిరోధక పూతను వేలితో తుడిస్తే ఊడిపోతుంది. రెండు టోపీలు పెట్టుకుని, పట్టీని వాటి మధ్య ఉంచితే ఎవరి కాలు తగిలినా ఊడిపోవు. ఎండ ఎదురుగా ఉంటే అద్దం పూత రకం, మబ్బుంటే పారదర్శకం.

హెల్మెట్ విషయంలో నియమం కఠినం: సైకిల్ ముట్టుకునే ముందే బకిల్ పెట్టాలి, సైకిల్ స్టాండులో పెట్టాకే తీయాలి. వణికే వేళ్లకు అయస్కాంతపు బకిల్ హాయి. కోణాకార ఏరో హెల్మెట్, కార్బన్ చక్రాలు తొలి రేసుకు శుద్ధ దండగ.

పంక్చర్‌కు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు: సాధారణ రోడ్డు సైకిల్ ట్యూబుకు 16 గ్రాములది చాలు. గ్యాస్ వదలగానే సిలిండరు మంచులా చల్లబడుతుంది, ఒట్టి చేత్తో పట్టుకోకండి. ఈ గ్యాస్ రబ్బరులోంచి గాలి కంటే త్వరగా తప్పించుకుంటుంది, కాబట్టి ఇంటికొచ్చాక వదిలేసి మామూలు గాలి కొట్టాలి.

సైకిల్ బూట్లు స్ప్రింట్‌కు తప్పనిసరి కాదు. పరుగు బూట్లతోనే చదును పెడళ్ల మీద 20 కిలోమీటర్లు లాగించవచ్చు, బూట్లు మార్చే పనీ ఉండదు. 40 కిలోమీటర్లకైతే గట్టి అడుగు ఉన్న బూటు తేడా తెలుస్తుంది. కొంటే ఒకే వెడల్పాటి వెల్క్రో పట్టీ, అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలు, మడమ దగ్గర లాగేందుకు ఉచ్చు ఉన్నది చూడండి. పట్టీ గొలుసు వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి. వెల్క్రోలో నూలు పోగులు చేరితే తడిసినప్పుడు పట్టు వదిలేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో గీకితే మళ్లీ పట్టుకుంటుంది.